బోర్డా ఆసుపత్రి నుంచి ప్రసారం



అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఏర్స్‌లో దక్షిణం వైపు బరాకాస్ అనే పాత పేట ఉంది. అక్కడి బోర్డా ఆసుపత్రి పేరు ఆ దేశంలో తెలియనివాళ్లు అరుదు. అది మగవాళ్ల మానసిక వైద్యశాల. ఆడవాళ్లకు పక్కనే మొయానో అని వేరే ఆసుపత్రి ఉంది. 1860లలో మొదలైన ఈ బోర్డాలో చేరి, పదేళ్లు, ఇరవయ్యేళ్లు అక్కడే ఉండిపోయినవాళ్లు ఎందరో. కొందరికి జబ్బు నయం కాలేదు. ఇంకొందరికి నయమైంది కానీ, తీసుకెళ్లడానికి ఇంటినుంచి ఎవరూ రాలేదు.

శనివారం మధ్యాహ్నం ఆ ఆసుపత్రి ఆవరణలో ఆరుబయట కుర్చీలు గుండ్రంగా వేస్తారు. ఒక బల్ల, దాని మీద మిక్సరు, చుట్టూ వైర్లు, ఒకటో రెండో మైకులు. అర్జెంటీనాలో మాతే అనే కషాయం తాగుతారు. ఒకే బుర్ర, ఒకే గొట్టం, ఒకరు తాగి ఇంకొకరికి అందిస్తారు. ఇక్కడ మైకూ అలాగే చేతులు మారుతుంది. ఒకాయన నిన్నటి ఫుట్‌బాల్ ఆట గురించి చెబుతాడు. ఇంకొకాయన తాను రాసుకొచ్చిన కవిత చదువుతాడు. మరొకాయన దేశాధ్యక్షుడికి సలహాలిస్తాడు. ఏమీ తోచకపోతే మైకును పక్కవాళ్లకు ఇచ్చేసినా అడిగేవాళ్లు లేరు. వాళ్లందరూ ఆ ఆసుపత్రిలో రోగులు, లేదా ఒకప్పుడు రోగులుగా ఉండి బయటికి వెళ్లి, శనివారం శనివారం తిరిగి వస్తున్నవాళ్లు. వాళ్లు మాట్లాడుతున్నది రేడియోలో. ఆ రేడియో పేరు లా కొలిఫాటా.

1991లో మొదలైన ఈ రేడియో, మానసిక వైద్యశాల లోపలినుంచి రోగులే మాట్లాడుతూ నడిపే రేడియోల్లో ప్రపంచంలోనే మొదటిదని పేరు తెచ్చుకుంది. నడిపేది ప్రభుత్వమూ కాదు, ఆసుపత్రి యాజమాన్యమూ కాదు. లాభం ఆశించని ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ.

దాని పుట్టుక చాలా మామూలుగా జరిగింది. ఆల్ఫ్రెడో ఒలివేరా అనే యువకుడు అప్పట్లో మనస్తత్వశాస్త్రం చదువుకుంటూ బోర్డాకు వస్తూ పోతూ ఉండేవాడు. ఊళ్లో ఒక చిన్న కమ్యూనిటీ రేడియోవాళ్లు అతన్ని పిలిచి, పిచ్చి గురించి మాట్లాడమన్నారు. ఒలివేరాకు ఒక ఆలోచన వచ్చింది. పిచ్చి గురించి తాను చెప్పడమేమిటి, ఆసుపత్రిలో ఉన్నవాళ్లే చెబితే పోలేదా? టేప్ రికార్డరు పట్టుకెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నాడు. వాళ్ల మాటలు క్యాసెట్‌లోకి ఎక్కించి, అందులోంచి కొన్ని నిమిషాల ముక్కలు కత్తిరించి ఆ రేడియోలో వినిపించాడు.

విన్నవాళ్లు స్టేషనుకు ఫోన్లు చేశారు. కొందరు ప్రశ్నలడిగారు, కొందరు తమ సంగతులు చెప్పుకున్నారు. ఒలివేరా ఆ ఫోన్లను కూడా క్యాసెట్‌లోకి ఎక్కించుకుని, తిరిగి బోర్డాకు తెచ్చి రోగులకు వినిపించాడు. వాళ్లు జవాబులు చెప్పారు. అవి మళ్లీ రేడియోకు వెళ్లాయి. బ్యూనస్ ఏర్స్ వీధి భాషలో ‘పిచ్చిది’ అని చనువుగా పిలిచే ‘కొలిఫాటా’ అన్న పేరును కూడా రోగులు సూచించిన పేర్లలోంచి శ్రోతలే ఫోను చేసి ఎంచారు. ఆ తరవాత సొంత ట్రాన్స్‌మిటరు వచ్చింది. శనివారం ప్రసారం మొదలైంది. ఆ చిన్న ట్రాన్స్‌మిటరు శక్తి ఆసుపత్రి చుట్టుపక్కల పేట దాటేది కాదు. అయినా అందులోంచి కత్తిరించిన చిన్న ముక్కలు దేశంలోని వేరే స్టేషన్లలో మోగుతూ వచ్చాయి.

ఇందులో అసలు కీలకం ఆ రెండో క్యాసెట్. రోగి చేత బొమ్మ వేయించడం, పాట పాడించడం చాలా చోట్ల జరుగుతుంది. ఆ బొమ్మ ఆసుపత్రి గోడకు వేలాడుతుంది, ఆ పాట వార్షికోత్సవంలో చప్పట్లతో ముగుస్తుంది. కొలిఫాటాలో మాట బయటికి వెళ్లి, ముఖం తెలియని మనిషి దగ్గరనుంచి జవాబు మోసుకొచ్చింది. ఎన్నో ఏళ్లుగా ‘మందు వేసుకున్నావా, తిన్నావా’ అన్న ప్రశ్నలు తప్ప వేరే ప్రశ్న ఎదురుకాని మనిషిని, నీ కవితలో ఆ రెండో భాగం నాకు అర్థం కాలేదు, మళ్లీ చెబుతావా అని ఎవరో అడిగితే ఎలా ఉంటుంది? అతను ఆ వారమంతా జవాబు ఆలోచించుకుంటాడు. వచ్చే శనివారం ఒకటుందని అతనికి గుర్తుంటుంది. గోడల లోపల ఏ రోజైనా ఒకటే అయినచోట, వారంలో ఒక రోజుకు పేరు రావడం చిన్న సంగతి కాదు.

రేడియోకి ఇంకో గుణం ఉంది. అది ముఖం చూపించదు. మందుల ప్రభావంతో వణికే చేతులు, అరిగిన చెప్పులు, ఆసుపత్రి బట్టలు, ఇవేవీ వినేవాళ్ల కంటపడవు. గొంతు మాత్రమే చేరుతుంది. వినేవాళ్లు ముందు మనిషిని వింటారు, రోగి అన్న సంగతి తరవాత తెలుస్తుంది. మాట్లాడేవాళ్ల వైపునుంచి చూస్తే, మైకు ముందు కూర్చున్నాక తన వంతుకోసం ఆగాలి, పక్కవాళ్లు చెప్పేది వినాలి, ఎదుట లేని మనిషికి అర్థమయ్యేలా చెప్పాలి. స్కిజోఫ్రీనియా వంటి జబ్బులో తరచూ దెబ్బతినేవి ఇవే. వాటిని కూర్చోబెట్టి నేర్పించే శిక్షణలు ఉన్నాయి. ఇక్కడ అవి రేడియో నడపాలంటే తప్పవు కనక నేర్చుకున్నారు.

కొలిఫాటా ఆకాశంనుంచి ఊడిపడలేదు. 1970ల మొదట్లోనే ఆల్ఫ్రెడో మోఫాట్ అనే మనస్తత్వవేత్త, ప్రసిద్ధ టాంగో గాయకుడు కార్లోస్ గార్డెల్ పేరుమీద బోర్డా ఆవరణలో ఒక సంగీత కూటమి నడిపాడు. పల్లెలనుంచి వచ్చిన పేద రోగులకు వాళ్ల పాటలు, వాళ్ల మాతే, వాళ్ల కబుర్లు తిరిగి ఇవ్వాలన్నది ఆయన పట్టుదల. తరవాత సైనిక ప్రభుత్వం వచ్చింది. 1983 చివర్లో ప్రజాస్వామ్యం తిరిగొచ్చాక, 1984లో మూకాభినయ కళాకారుడు ఆల్బెర్టో సావా అదే ఆసుపత్రిలో ‘బోర్డా కళాకారుల ఫ్రంట్’ స్థాపించాడు. నాటకం, సంగీతం, చిత్రలేఖనం, రచన, ఒక్కో కళకు ఒక్కో కార్యశాల. ఆ ఫ్రంట్ పెట్టుకున్న నియమం గట్టిది. అక్కడ తయారైన నాటకం ఆసుపత్రి లోపలే ఉండిపోకూడదు, ఊళ్లోకి వెళ్లి ఆడాలి.

ఆ నియమం విలువ తెలియాలంటే హకోబో ఫిహ్మాన్ కథ వినాలి. ఆయన అర్జెంటీనా కవి. 1942లో బోర్డాలో చేరాడు. 1970లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. చివరి రోజుల్లో వీసెంతే జీతో లేమా అనే యువ రచయిత వెళ్లి కూర్చుని ఆయన మాటలు రాసుకుని పుస్తకంగా అచ్చు వేశాడు. మధ్యలో 20 ఏళ్లకు పైగా ఒక కవి గొంతు ఆ గోడల దాకా వచ్చి ఆగిపోయింది. పేరున్న కవి గతే అది. పేరు లేనివాళ్ల సంగతి చెప్పేదేముంది?

కొలిఫాటా పేరు దేశం దాటింది. స్పానిష్ మూలాలున్న ఫ్రెంచి గాయకుడు మాను చావో వాళ్లతో కలిసి పాడాడు. అమెరికా సినీ దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా బ్యూనస్ ఏర్స్‌లో తీసి 2009లో విడుదల చేసిన ‘టెట్రో’ సినిమాలో ఈ రేడియో కనిపిస్తుంది. ఇవన్నీ సంతోషించాల్సినవే. అంతకంటే సంతోషించాల్సింది, వేరే ఊళ్లు దీన్ని చూసి నేర్చుకోవడం. ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోలో విలార్దెబో ఆసుపత్రినుంచి 1997లో ‘విలార్దెవోస్’ అనే రేడియో మొదలైంది. 2003లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో ‘రేడియో నికోసియా’ వచ్చింది.

ఇటలీలో త్రియెస్తె నగరపు దారి వేరు. అక్కడి సాన్ జొవాన్ని పిచ్చాసుపత్రికి 1971లో మనోవైద్యుడు ఫ్రాంకో బజాలియా డైరెక్టరుగా వచ్చాడు. ఆ ఆసుపత్రిలో మాసిన బట్టల బండి లాగే ఒక ముసలి గుర్రం ఉండేది. పేరు మార్కో. మోటారు బండి వచ్చాక గుర్రాన్ని కసాయికి అమ్మేయబోతే, రోగులు అర్జీ రాసి దాని ప్రాణం కాపాడారు. 1973లో కళాకారులు, నాటకంవాళ్లు వచ్చి రోగులతో కలిసి చెక్కతో, కాగితపు గుజ్జుతో మార్కో పేరు మీద ఒక పెద్ద నీలం గుర్రం తయారుచేశారు. దాని కడుపులో రోగులు తమ కోరికలు రాసి నింపారు. తీరా ఊరేగింపుకు బయల్దేరితే గుర్రం ఆసుపత్రి గేటులో పట్టలేదు. గేటు పగలగొట్టి బయటికి తెచ్చారు. వెనక వందలమంది రోగులు, నర్సులు, డాక్టర్లు ఊరి వీధుల్లో నడిచారు. అయిదేళ్లకు, 1978లో, ఇటలీ పార్లమెంటు 180వ నంబరు చట్టం చేసి పిచ్చాసుపత్రుల్లో కొత్తగా ఎవరినీ చేర్చుకోకుండా ఆపింది. గుర్రం వల్లే చట్టం వచ్చిందంటే అది అతిశయోక్తి. బజాలియా బృందం ఏళ్లతరబడి చేసిన వైద్యం, పోరాటం దాని వెనక ఉన్నాయి. కానీ ఆ ఊరి జనం తమ ఊళ్లోనే బతుకుతున్న ఆ మనుషులను ఆ ఊరేగింపులో ఎదురెదురుగా చూశారు.

కళ ఎంత చేసినా అది వైద్యానికి బదులు కాదు. ఈ మాట సూటిగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర మందులు మానేసి భజనలకు, మొక్కులకు తీసుకెళ్లే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2019లో ఒక పెద్ద నివేదిక వెలువరించింది. కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద వచ్చిన 3000కు పైగా అధ్యయనాలను అందులో సమీక్షించారు. దిగులు, ఆందోళన, ఒంటరితనం వంటి వాటిలో పాట, నాట్యం, రచన, బొమ్మలు వేయడం మేలు చేస్తున్నాయని చాలా అధ్యయనాలు చూపాయి. ఆ మేలు చికిత్సతో పాటుగా నడిచేది. కొలిఫాటా కూడా చికిత్సకు బదులుగా నడిచింది కాదు.

అలాగే కళ బీదరికాన్నీ, సర్కారు నిర్లక్ష్యాన్నీ తుడిచేయదు. 2013 ఏప్రిల్ 26న బ్యూనస్ ఏర్స్ నగర ప్రభుత్వం బోర్డా ఆవరణలో రోగులు పనిచేసుకునే ఒక కార్యశాలను కూల్చడానికి పూనుకుంది. అడ్డుపడిన రోగుల మీద, నర్సుల మీద, విలేకరుల మీద పోలీసులు రబ్బరు తూటాలు పేల్చారు. ప్రపంచమంతా మెచ్చుకున్న రేడియో ఉన్న ఆసుపత్రిలోనే ఇది జరిగింది. అర్జెంటీనా 2010లో చేసిన మానసిక ఆరోగ్య చట్టం కొత్త పిచ్చాసుపత్రులు కట్టకూడదని చెప్పింది. పాతవాటిని 2020 నాటికి వేరే సేవలుగా మార్చాలని తరవాత గడువు పెట్టారు. గడువు దాటిపోయింది, బోర్డా అలాగే ఉంది. బయటికి వచ్చినవాళ్లకు ఉండటానికి ఇల్లు, చేయడానికి పని దొరకకపోతే ఏ చట్టమైనా కాగితమే అవుతుంది.

ఇప్పుడు మన దేశం సంగతి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. ఆ 12లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారనీ, రుగ్మతను బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదనీ ఆ సర్వే తేల్చింది. డాక్టర్లు తక్కువ, ఆసుపత్రి దూరం. వీటితో పాటు ఒక బరువైన కారణం సిగ్గు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో పెదవాల్తేరు మానసిక వైద్యశాలల పేరెత్తితే నవ్వులు వినిపిస్తాయి. సినిమాల్లో ఆ నవ్వు మరీ ఎక్కువ. ఇంట్లో పిల్లకు జబ్బని తెలిసిన తల్లి డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఆ నవ్వునే తలుచుకుంటుంది. మాత్రకు ఆ నవ్వును ఆపే శక్తి లేదు. కళకు కొంత ఉంది.

కలకత్తాలో సోహినీ చక్రవర్తి ఈ నమ్మకంతోనే పనిచేసింది. ఆమె సమాజశాస్త్రం చదువుకున్న నర్తకి. అక్రమ రవాణా నుంచి బయటపడి వసతి గృహాల్లో ఉన్న అమ్మాయిలతో నాట్యం మొదలుపెట్టి, 2004లో ‘కోల్‌కతా సన్వేద్’ అనే సంస్థ స్థాపించింది. తమ శరీరం అంటేనే భయం, అసహ్యం మిగిలిన ఆ పిల్లలకు నాట్యం ద్వారా అదే శరీరాన్ని మళ్లీ తమదిగా చేసుకోవడం నేర్పారు. వాళ్లలో కొందరు తరవాత శిక్షకులై, వేరే అమ్మాయిలకు నేర్పారు. సాయం పొందినవాళ్లే సాయం చేసేవాళ్లు కావడం కొలిఫాటాలో కనిపించేదే, ఇక్కడా కనిపిస్తుంది.

తెలుగునేలకు కళతో జనం నోరు విప్పించడం కొత్త కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం ఊరూరా కళాజాతాలు నడిపింది. పాటలు, చిన్న నాటకాలు, రాత్రి బడులు. వాటిలో కూర్చున్న ఆడవాళ్లు ఇంట్లో సారా చేస్తున్న నాశనాన్ని మొదటిసారి పదిమందిలో చెప్పుకున్నారు. అంతవరకూ అది ఎవరి ఇంటి బాధ వాళ్లది, ఎవరి రాత వాళ్లది. దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణాన్ని ఊళ్లోంచి వెళ్లగొట్టారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ జాతాలను మానసిక ఆరోగ్య కార్యక్రమం అని అప్పుడు ఎవరూ అనలేదు. కానీ తాగుడు, దెబ్బలు, అప్పులు, వాటి వెంట వచ్చే దిగులు, చావు ఆలోచనలు, వీటి గురించి నోరు విప్పడానికి చోటు ఇచ్చినది ఏదైనా మనసుకు చేసిన వైద్యమే.

రేడియో విషయానికొస్తే, సంగారెడ్డి జిల్లా మాచనూరులో ‘సంఘం రేడియో’ ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళిత మహిళలు 2008 అక్టోబరు 15 నుంచి దీన్ని నడుపుతున్నారు. విత్తనాలు, పంటలు, పాటలు, పండగలు, అన్నీ తమ యాసలోనే మాట్లాడతారు. మైకు పట్టుకోవడానికి పెద్ద చదువు అవసరం లేదని వాళ్లు ఎప్పుడో చూపించారు. మన దేశంలో 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో లైసెన్సు ఇస్తున్నారు. 100 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటరు, చుట్టుపక్కల కొన్ని కిలోమీటర్ల పరిధి. బోర్డా గోడలు దాటడానికి కొలిఫాటాకు అంతకంటే ఎక్కువ అక్కర్లేకపోయింది.

ఒక జాగ్రత్త తప్పనిసరి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స పొందుతున్న మనిషి ఫొటోగానీ, వివరాలుగానీ అతని అనుమతి లేకుండా పత్రికలకు, టీవీలకు, రేడియోలకు ఇవ్వకూడదు. జబ్బు తీవ్రంగా ఉన్న రోజున ‘సరే’ అన్న మాటను కుదుటపడ్డాక మళ్లీ అడగాలి. మనసు మార్చుకుంటే ఆ ముక్క ప్రసారం చేయకూడదు. ఏడిపించి వినిపించే కార్యక్రమాలు మనకు ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి. ఇలాంటి రేడియో వాటిలో ఇంకొకటి కాకూడదు. ఆ చట్టమే మానసిక రుగ్మత ఉన్న ప్రతి మనిషికీ సమాజంలో అందరి మధ్య బతికే హక్కు ఉందని కూడా చెప్పింది.

కాబట్టి తెలుగు రాష్ట్రాల్లో కమ్యూనిటీ రేడియోలు నడుపుతున్న సంస్థలకు ఒక విన్నపం. వారంలో ఒక గంట కేటాయించండి. దగ్గరలోని మానసిక వైద్యశాలతో, పునరావాస కేంద్రంతో, డాక్టర్లతో మాట్లాడండి. మాట్లాడాలనుకున్నవాళ్ల దగ్గరికి రికార్డరు పట్టుకెళ్లండి. విన్నవాళ్లు ఫోను చేస్తే ఆ మాటలను కూడా తప్పకుండా తిరిగి తీసుకెళ్లి వాళ్లకు వినిపించండి.

ఇది వింటున్నవాళ్లలో ఎవరికైనా మనసు బరువెక్కినా, ఇంట్లో ఎవరి గురించైనా దిగులుగా ఉన్నా, ప్రభుత్వ మానసిక సహాయ ఫోను సేవ టెలి మానస్ నంబరు 14416. రాత్రయినా, పగలైనా ఫోను చేయవచ్చు. డబ్బు కట్టనవసరం లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.